సమానత్వము, అన్నము: రెండూ ఒకటే పోరాటము

(దక్షిణాఫ్రికా తెలుగువారి సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మొదట ఒక మనవి. మాది సాయంకాలపు బడి తెలుగు. మా తాతలు ఓడ దిగినప్పుడు తెచ్చుకొన్న తెలుగు మా అమ్మానాన్నల కాలమునకు వంటింట్లో మిగిలినది. మా కాలమునకు భజనలోనూ, పెండ్లి పాటలోనూ మిగిలినది. పగలంతా బడిలో ఇంగ్లీషులో పాఠములు చెప్పి, సాయంకాలము మేమే పిల్లలమై అ ఆ లు దిద్దుకొన్నాము. కాబట్టి మా మాటలలో తప్పులుంటే దిద్దండి, నవ్వకండి.

నాట్యము, సంగీతము, పులిహోర ఉన్న పండుగనాడు పేదరికము మాట ఎందుకని కొందరు మిత్రులు అడిగినారు. న్యాయమైన ప్రశ్నే. మా జవాబు ఇది. మన పెద్దలు ఈ దేశమునకు సంస్కృతిని చాటడానికి రాలేదు. కూటి కోసము వచ్చినారు. సంస్కృతి వారి మూటలో ఒక మూల ఉన్నది, అంతే. ఆ కూడు వారికి ఎందుకు సరిగా దొరకలేదో తెలిస్తేనే, ఈ దేశములో ఇంకా కోట్లాదిమందికి ఎందుకు దొరకడము లేదో తెలుస్తుంది.

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బన్ రేవుకు చేరినది. అప్పటి నుండి 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా నాటాల్‌కు వచ్చినారు. అందులో ఎక్కువ మంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే. మన తెలుగువారు ఉత్తర ఆర్కాడు నుండి, విశాఖపట్నము వైపు నుండి, ఇంకా ఎన్నో జిల్లాల నుండి వచ్చినారు. చెరకు తోటలో మగవానికి మొదటి ఏడు జీతము నెలకు 10 షిల్లింగులు. ఏడాదికొక షిల్లింగు పెరిగి అయిదవ ఏటికి 14 షిల్లింగులు.

అయిదేండ్లు గడిచి స్వేచ్ఛ వచ్చినవాడు కూరగాయలు పండించి, బుట్ట నెత్తిన పెట్టుకొని అమ్ముకొని, కొంచెము నిలబడగానే పాలకులకు భయము పట్టినది. 1895లో నాటాల్ ప్రభుత్వము ఒక చట్టము చేసినది. ఆ తరువాత వచ్చిన కూలీలు ఒప్పందము ముగిసినప్పుడు తిరిగి కూలిలో చేరాలి, లేదా ఓడ ఎక్కి ఇండియాకు పోవాలి, లేదా ఏటా తలకు 3 పౌనులు కట్టాలి. 3 పౌనులు అంటే 60 షిల్లింగులు. నెలకు 10 షిల్లింగుల లెక్కన ఆరు నెలల జీతము. 1903లో 16 ఏండ్ల మగపిల్లలకు, 13 ఏండ్ల ఆడపిల్లలకు కూడా ఆ పన్ను తగిలించినారు. భార్య, భర్త, ఇద్దరు ఎదిగిన పిల్లలు ఉన్న ఇంటికి 12 పౌనులు.

దీనిని మనము ఎప్పుడూ మన కష్టముగానే చెప్పుకొంటాము. ప్రక్కన ఏమి జరిగినదో చెప్పుకోము. 1905లో అదే నాటాల్ ప్రభుత్వము మగవారి మీద తలకు 1 పౌను పన్ను వేసినది. చట్టములో ఏమి వ్రాసి ఉన్నా బరువు పడినది జూలూ యువకుల మీద. గుడిసె పన్ను కట్టే ఇంటిలోని కొడుకు ఇప్పుడు తలపన్ను కూడా కట్టాలి. డబ్బు కోసము పశువులను వదిలి గనికి, తోటకు పోవాలి. 1906లో బంబాతా నాయకత్వములో వారు తిరగబడితే 3,000 మందికి పైగా చనిపోయినారు.

మనకు 3 పౌనులు, వారికి 1 పౌను. రెండు పన్నులూ ఖజానా కోసమని పేరు. అసలు పని మనిషిని తక్కువ కూలికి తోలడము. పేదరికము వానలు పడక రాలేదు, సోమరితనము వల్ల రాలేదు. రంగు చూసి చట్టము చేస్తే వచ్చినది. ఈ ఒక్క సంగతి పిల్లలకు అర్థమైతే మా ప్రసంగము ఫలించినట్లే.

1913వ సంవత్సరము వద్దాము. ఆ ఏడు జూన్‌లో భూమి చట్టము వచ్చినది. దేశములో అందరికంటె ఎక్కువ సంఖ్యలో ఉన్న ఆఫ్రికనులకు నూటికి సుమారు 7 పాళ్ళ భూమి మాత్రమే మిగిలినది. 1936లో దానిని 13 పాళ్ళకు పెంచుతామన్నారు. అదే 1913 అక్టోబరులో న్యూకాసిల్ బొగ్గు గనులలో మన కూలీలు 3 పౌనుల పన్నుకు ఎదురు తిరిగి పని మానినారు. నవంబరు 6న 2,037 మంది మగవారు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు గాంధీగారి వెంట ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటినారు. సమ్మె చెరకు తోటలకు పాకినది. కొందరు తుపాకి గుండ్లకు బలి అయినారు. 1914లో పన్ను రద్దు అయినది.

ఆ గెలుపు మనకు గర్వకారణము. కాని ఒక సంగతి దాచకూడదు. ఒకే సంవత్సరములో, ఒకే ప్రభుత్వము మీద రెండు జాతులకు కడుపుకోత కలిగినది, అయినా ఆ రెండు చేతులు కలువలేదు. మన పన్ను పోయినది. వారి భూమి పోయినది. మనము ఇంటికి పోయి నిద్రపోయినాము.

పేదరికమును తొలగించడము ప్రభుత్వమునకు చేతకాని పని అని అనుకోవద్దు. చేయాలనుకొన్నవారికి చేసినది. 1932లో కార్నెగీ కమిషను వారు పేద తెల్లవారి మీద అయిదు సంపుటముల నివేదిక వ్రాసినారు. అప్పటికి సుమారు 3 లక్షల మంది తెల్లవారు కటిక పేదలని లెక్క. 1924 నుండే వారికి రైల్వేలలో పనులు ఇచ్చినారు. వారి కోసము ఆఫ్రికనులను, భారతీయులను తప్పించినారు. వారికి బడులు, ఇండ్లు, పింఛన్లు ఇచ్చినారు. ఒక తరములో పేద తెల్లవాడు అనే మాట దాదాపు వినబడకుండా పోయినది. అంటే మందు తెలుసు. మందు సీసా మీద రంగు పేరు వ్రాసి పెట్టినారు.

మనకు ఇచ్చిన మందు వేరు. 1927 కేప్‌టౌన్ ఒప్పందము ప్రకారము ఇండియాకు తిరిగిపోతే పెద్దవారికి 20 పౌనులు, పిల్లలకు 10 పౌనులు. పేదవానిని బాగుచేయడము కంటె ఓడ ఎక్కించడము సులువనుకొన్నారు. ఆ రోజులలో ఏలూరుకు చెందిన సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు 1929 నుండి 1932 వరకు భారత ప్రభుత్వ ఏజెంటుగా ఇక్కడ ఉన్నారు. ఆ కాలములోనే, 1931లో, మన ఆంధ్ర మహాసభ ఏర్పడినది. పొమ్మన్న దేశములో ఉంటామని చెప్పడానికి పెట్టుకొన్న సభ మనది. మరువకండి.

ఇప్పుడు పింఛను సంగతి. 1928లో వృద్ధుల పింఛను చట్టము వచ్చినప్పుడు తెల్లవారికి, కలర్డ్ వారికి ఇచ్చినారు. భారతీయులకు, ఆఫ్రికనులకు లేదు. 1944లో మనకూ వారికీ కూడా ఇచ్చినారు, కాని జాతికొక రేటు. తెల్లవారికి ఎక్కువ, మనకు అంతకు తక్కువ, ఆఫ్రికనులకు అన్నిటికంటె తక్కువ. అందరికీ ఒకటే మొత్తము అయినది 1993లో.

మా అవ్వ చాట్స్‌వర్త్‌లో పింఛను తీసుకొనేది. ఇది 1970ల మాట. మా వీధిలో రెండు మూడు ఇండ్లలో బట్టలు ఉతికే ఒక జూలూ ముసలామె ఉండేది. మేమందరము గోగో అని పిలిచేవాళ్ళము, అంటే వారి భాషలో అవ్వ. ఒకనాడు ఇద్దరు అవ్వలు మా మెట్ల మీద కూర్చొని తమ పింఛను మాట మాట్లాడుకొన్నారు. ఒకరికి జూలూ సగము, ఒకరికి ఇంగ్లీషు సగము. మా అవ్వకు నెల నెలా వచ్చేది. గోగోకు రెండు నెలలకొకసారి వచ్చేది. ఆఫ్రికనులకు అప్పటి పద్ధతి అది. అదీ మా అవ్వకు వచ్చేదానికంటె చాలా తక్కువ.

మా అవ్వ లోపలికి వచ్చి మా అమ్మను అడిగినది: "ఏమే, ఆ తల్లికి రెండు నెలలకొకసారి ఆకలి వేస్తుందా?"

మా అమ్మ ఏమీ చెప్పలేదు. ఆ నెల నుండి మా అవ్వ పింఛను రోజున ఒక గిన్నెడు బియ్యము గోగో సంచిలో పోసేది. గోగో తీసుకొనేది, కాని ఊరికే తీసుకోలేదు. తరువాతి వారము ఒక కట్ట తోటకూర తెచ్చి మెట్ల మీద పెట్టేది. కొన్నాళ్ళకు ఒక మాట అన్నది. మాకు జూలూ బాగా వచ్చిన తరువాతనే ఆ మాట పూర్తిగా అర్థమైనది: "నీ బియ్యము మంచివే. కాని నాకు రావలసినది నాకు రావాలి."

దానము మంచిది. మన పెద్దలు నేర్పినది అదే. కాని దానము ఇచ్చేవాని చేయి పైన ఉంచుతుంది, తీసుకొనేవాని చేయి క్రింద ఉంచుతుంది. గోగో బియ్యము మాత్రమే అడగలేదు. చేతులు ఒకే ఎత్తున ఉండాలని అడిగినది. జాతి సమానత్వము లేకుండా పేదరికముతో పోరాడితే అది గిన్నెడు బియ్యము దగ్గర ఆగిపోతుంది.

మరి మన చేయి ఏ ఎత్తున ఉన్నది? నిజము చెప్పుకొందాము. మనము నిచ్చెన మధ్య మెట్టు మీద ఉన్నాము. ఆ మెట్టు మనము చేసుకొన్నది కాదు, వారు మనకు కేటాయించినది. 1975-76లో ప్రభుత్వము బడిలో ఒక్కొక్క పిల్లవాని మీద ఏడాదికి పెట్టిన ఖర్చు ఇది: తెల్ల పిల్లవానికి 591 రాండ్లు, భారతీయ పిల్లవానికి 190, కలర్డ్ పిల్లవానికి 140, ఆఫ్రికను పిల్లవానికి 42. మేమప్పుడు బడి పిల్లలము. మా బెంచి విరిగినదని ఏడ్చినాము. ప్రక్క టౌన్‌షిప్ బడిలో బెంచి ఉన్నదా అని అడగలేదు. 591 వైపు చూసి కోపపడడము తెలుసు. 42 వైపు చూసి సిగ్గుపడడము ఎవరూ నేర్పలేదు.

మన పెద్దలు చదువు కోసము చేసిన త్యాగము చిన్నది కాదు. తోటలలో, దేవాలయముల ప్రక్కన, తమ చందాలతో బడులు కట్టుకొన్నారు. కష్టపడి పైకి వచ్చినామని మనము చెప్పుకోవడము తప్పు కాదు. కాని, "మేము కష్టపడినాము, వారెందుకు పడరు?" అనే మాట మన ఇండ్లలో వినబడుతుంది. 190కి, 42కి మధ్య ఉన్న తేడా తెలియనివారు మాత్రమే ఆ మాట అనగలరు. వారి తల్లులూ తెల్లవారుజామున లేచి బస్సు కోసము నిలబడినవారే.

ఈ నిచ్చెన వల్ల జరిగిన అన్యాయము 1949 జనవరిలో డర్బన్ వీధులలో మంటయై లేచినది. ఆఫ్రికనులకు, భారతీయులకు మధ్య జరిగిన ఆ అల్లర్లలో 142 మంది చనిపోయినారు. అంతకు రెండేండ్ల ముందే, 1947 మార్చిలో, డాక్టర్ జూమా, డాక్టర్ దాదూ, డాక్టర్ నాయకర్ గార్లు రెండు జాతులూ కలిసి పోరాడాలని ఒప్పందము వ్రాసుకొన్నారు. పెద్దలు కాగితము మీద కలిసినారు. క్రింద వీధిలో అద్దె కట్టేవాడు, అద్దె తీసుకొనేవాడు, దుకాణములో కొనేవాడు, అమ్మేవాడు ఇంకా కలవలేదు.

తరువాత 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టము వచ్చి ఇద్దరినీ ఊడబెరికినది. కేటో మానర్‌లో మన కూరగాయల తోటలు, గుడులు, ఇండ్లు పోయినవి. మునిసిపాలిటీ పనివారు తరతరములుగా ఉన్న మ్యాగజైన్ బ్యారక్స్ ఖాళీ అయినది. మనము చాట్స్‌వర్త్‌కు, ఆఫ్రికనులు క్వామషూకు, ఉమ్లాజీకి. పనికి దూరము, బస్సు ఖర్చు ఎక్కువ. పేదవానిని ఊరి అంచుకు తోసి, పనికి వచ్చినందుకు టిక్కెట్టు కొనిపించినారు.

1994 ఏప్రిల్ 27న మనమందరము ఒకే వరుసలో నిలబడి ఓటు వేసినాము. 1996 రాజ్యాంగము సమానత్వమును హక్కుగా వ్రాసినది. ఇల్లు, ఆహారము, నీరు, వైద్యము, చదువు కూడా హక్కుల క్రిందనే వ్రాసినది. చూడండి, రెండింటినీ ఒకే పుస్తకములో పెట్టినారు. మన భాష పేరు కూడా అందులో ఉన్నది. 'తెలెగు' అని అక్షరము తప్పు వ్రాసినారు గాని, సాయంకాలపు బడి పిల్లలము కాబట్టి మనము క్షమించవచ్చు.

1994లోనే పేద బడులలో పిల్లలకు భోజనము పెట్టే పథకము మొదలైనది. 1998లో ఏడేండ్ల లోపు పేద పిల్లలకు నెలకు 100 రాండ్ల భత్యము మొదలై, ఇప్పుడు 18 ఏండ్లు నిండే వరకు, కోటి మందికి పైగా పిల్లలకు అందుతున్నది. చిన్న సంగతి కాదు. అయినా ప్రపంచ బ్యాంకు 2022 నివేదికలో 164 దేశములలో అసమానత అన్నిటికంటె ఎక్కువ ఉన్నది మన దేశములోనే. చట్టము రంగును వదిలినది. సంపద ఇంకా వదలలేదు.

బడిలో మేము చూసిన ఒక సంగతి. భోజనపు గంట కొట్టినప్పుడు టౌన్‌షిప్ నుండి వచ్చిన పిల్లలు పళ్ళెములు పట్టుకొని వరుసలో నిలబడేవారు. మన పిల్లవాడు ఒకడు, తండ్రికి పని పోయినవాడు, ఆ వరుసలో నిలబడలేదు. గోడ చాటున నీళ్ళు త్రాగి వచ్చేవాడు. తల్లిని పిలిపిస్తే ఆమె అన్నది: "టీచరుగారూ, ఆ వరుసలో నిలబడితే మనవాళ్ళు ఏమనుకొంటారు?"

మనవాళ్ళు పేదలు కారు అనే అబద్ధమునకు ఆ పిల్లవాని కడుపు బలి అయినది. జాతి గర్వము ఎదుటివానిని మాత్రమే కాదు, మన పేదవానిని కూడా ఆకలితో ఉంచుతుంది. చివరకు ఉపాధ్యాయులమందరము మా పళ్ళెములు తీసుకొని ఆ వరుసలోనే నిలబడి తిన్నాము. రెండు వారములకు ఆ పిల్లవాడు వచ్చినాడు. అతని వెనుక ఇంకా నలుగురు వచ్చినారు. అంతమంది ఉన్నారని మాకే తెలియదు.

చాట్స్‌వర్త్‌లోనూ ఇదే జరిగినది. 1999లో ఎన్నికల ముందు ఫాతిమా మీర్‌గారు, వారి మిత్రులు ఇంటింటికి పోతే అద్దె కట్టలేని కుటుంబములు కనబడినవి. ఆ అద్దె ఇండ్ల నుండి మనుషులను గెంటడానికి వచ్చినప్పుడు భారతీయ తల్లులు, ఆఫ్రికను తల్లులు ఒకే మెట్ల మీద అడ్డుగా నిలబడినారు. ఆ కథను అశ్విన్ దేశాయ్‌గారు 2002లో పుస్తకముగా వ్రాసినారు. మా అవ్వ, గోగో కూర్చొన్నది కూడా అలాంటి మెట్ల మీదనే.

2021 జులై మాట చెప్పకుండా ముగిస్తే మేము పిరికివాళ్ళమవుతాము. ఆ వారము దుకాణములు కాలినవి, పాలు రొట్టె దొరకలేదు, భయము నిజమైనదే. మన వీధుల మలుపులలో మనవాళ్ళు అడ్డులు కట్టి కాపలా కాచినారు. కాని ఆ రోజులలో ఒక్క ఫీనిక్స్ ప్రాంతములోనే 36 మంది చనిపోయినారు. వారిలో ఎక్కువ మంది ఆఫ్రికనులు. అందరూ దోచుకోవడానికి వచ్చినవారేనా? ఆ దారిన ఇంటికి పోతున్నవారు ఎందరు? వారికీ ఒక అవ్వ ఉన్నది. భయపడినామన్నది నిజము. భయముతో ముఖము రంగు చూసి తీర్పు చెప్పినారన్నది కూడా నిజము. రెండూ పిల్లలకు చెప్పాలి. ఆకలి ఒకవైపు, అనుమానము ఒకవైపు ఉన్నంతకాలము ఏ గోడా మనలను కాపాడదు.

మరి ఏమి చేయాలి? మేము ఉపాధ్యాయులము, కాబట్టి హోంవర్కు ఇవ్వకుండా పోము. మూడు పనులు.

ఒకటి. మన సభలు ఇచ్చే విద్యార్థి వేతనములు ప్రక్క టౌన్‌షిప్‌లోని పిల్లలకు కూడా ఇవ్వాలి. పదింటిలో రెండు ఇచ్చినా మొదలే.

రెండు. తెలుగు నేర్పే సాయంకాలపు తరగతి ప్రక్క గదిలో జూలూ తరగతి పెట్టాలి. 160 ఏండ్లకు పైగా ప్రక్కన ఉండి, పనివారికి ఆజ్ఞలు ఇచ్చేటంత జూలూ మాత్రమే మనలో చాలామందికి వచ్చు. "బాగున్నారా అమ్మా" అని అడిగేటంత రావాలి.

మూడు. నెలకొక శనివారము మన హాలులో బల్ల వేసి, పింఛనుకు, పిల్లల భత్యమునకు దరఖాస్తులు నింపి పెట్టాలి. వచ్చినవారిని జాతి అడగకూడదు. మన పేదవారు సిగ్గు లేకుండా వస్తారు. వారి పేదవారు భయము లేకుండా వస్తారు.

చివరగా ఒక వ్యాకరణ పాఠము. ఇంగ్లీషులో 'వి' అనే ఒక్క మాట ఉన్నది. తెలుగులో రెండున్నవి. ఎదుటివానిని వదిలిపెడితే 'మేము'. కలుపుకొంటే 'మనము'. సాయంకాలపు బడిలో మేము ఎక్కువగా తప్పు చేసినది ఇక్కడనే. మా గురువుగారు ఎర్ర పెన్సిలుతో ఎన్నిసార్లు దిద్దినారో లెక్క లేదు. ఇన్నేండ్లకు తెలిసినది, ఆ తప్పు నోటు పుస్తకములో మాత్రమే లేదు. ఈ దేశములో 'మేము' అన్న చోటల్లా 'మనము' అని దిద్దుకోవాలి. మా అవ్వ మెట్ల దగ్గర అడిగిన ప్రశ్నకు జవాబు అదే.

భోజనములు సిద్ధముగా ఉన్నవట. ఈ హాలు ఊడ్చినవారిని, గేటు దగ్గర కాపలా ఉన్నవారిని కూడా మన పంక్తిలో కూర్చోబెట్టుకొని తిందాము.